కండబలానికి మూలమేది? - క్రియాటిన్ చరిత్ర

బరువులెత్తే పోటీలో అసలు పని జరిగేది కొద్ది సెకండ్లు మాత్రమే. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో పాల్గొని, స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలుచుకున్నారు. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె. నేలమీది బరువు తలపైకి వెళ్ళడానికి పట్టిన కాలంలో మామూలు మనిషి రెండు మూడుసార్లు ఊపిరి పీల్చుకోగలడు, అంతే. ఆ ఊపిరిలోని ప్రాణవాయువు రక్తంలో కలిసి, తొడ కండరాలను చేరి, అక్కడ ఆహారాన్ని దహించి శక్తిని పుట్టించేసరికి పోటీ ముగిసిపోతుంది. మరి ఆ కొద్ది సెకండ్లలో కండరానికి శక్తి ఎక్కడనుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు సమాధానం దొరకడానికి సుమారు నూరేళ్ళు పట్టింది. ఆ సమాధానంలో ఒక ముఖ్యమైన భాగాన్ని కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగువారు. ఈనాడు వ్యాయామశాలల దగ్గర, మందుల దుకాణాలలో పెద్ద పెద్ద డబ్బాలలో అమ్ముడుపోతున్న తెల్లని పొడి వెనుక ఉన్న చరిత్ర కూడా ఇదే. ఏది రుజువైన విషయం, ఏది వట్టి ప్రకటన అని తేల్చుకోవడానికి ఈ చరిత్ర తెలిసి ఉండడం మంచిది.

మాంసమే కండ అవుతుందా?

బలవంతుని మాంసం తింటే బలం వస్తుందన్న నమ్మకం చాలా పాతది. ప్రాచీన గ్రీసు దేశపు మల్లయోధుడైన మిలో రోజుకు ఇరవై పౌన్ల మాంసం తినేవాడని పాత గ్రంథాలలో ఉంది. అతడు ఒక దూడను ప్రతిదినమూ ఎత్తుకొని మోస్తూ, అది ఎద్దయ్యేనాటికి ఎద్దునే మోయగలిగాడని మరొక కథ. ఈ రెండు కథలలో మొదటిదాన్నే లోకం ఎక్కువగా నమ్మింది. నిజానికి రెండవదానిలోనే శాస్త్రం ఎక్కువ ఉంది: బరువును కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే కండరం దానికి తగినట్లు పెరుగుతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ పాత నమ్మకానికి రసాయన శాస్త్రం తోడయింది. జర్మనీ దేశస్థుడైన యూస్టస్ లీబిగ్ ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. 1842 లో ప్రకటించిన గ్రంథంలో ఆయన ఆహారాన్ని రెండు తరగతులుగా విభజించాడు. నత్రజని గల మాంసకృత్తులు శరీరాన్ని నిర్మిస్తాయి. పిండిపదార్థాలు, క్రొవ్వులు శరీరానికి వేడినిస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. కాని కండరం పని చేసినప్పుడల్లా తనలోని మాంసకృత్తులనే ఖర్చు చేసుకుంటుందని, పని చేసేవాడు ఆ లోటును మాంసంతో పూడ్చుకోవాలని కూడా ఆయన చెప్పాడు. అంటే బండి నడవడానికి బండి చక్రాలనే పొయ్యిలో పెట్టి కాల్చినట్లు! లీబిగ్ అంతటివాడు చెప్పడంవల్ల ఇరవై ఏళ్ళకు పైగా చాలామంది దీన్నే నమ్మారు.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఒక సులభమైన మార్గం ఉంది. మాంసకృత్తులు ఖర్చయినప్పుడు వాటిలోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో బయటపడుతుంది. కాబట్టి ఎక్కువ పని చేసిన దినాన యూరియా ఎక్కువగా రావాలి. ఎడ్వర్డ్ స్మిత్ అనే ఇంగ్లీషు వైద్యుడు చెరసాలలో కాళ్ళతో చక్రం త్రొక్కే కఠినశిక్ష పడిన ఖైదీలను పరీక్షించి, శ్రమవల్ల బొగ్గుపులుసు వాయువు విపరీతంగా పెరిగినా యూరియా అంతగా పెరగడం లేదని 1862 నాటికి చూపాడు. జర్మనీలో కార్ల్ ఫోయిట్ కుక్కలను చక్రంలో పరుగెత్తించి అదే ఫలితం పొందాడు. అయినా లీబిగ్ మాట చెల్లుబడి అవుతూనే ఉంది.

ఫాల్‌హార్న్ కొండ మీద

1865 ఆగస్టు 30 న స్విట్జర్లండు దేశంలో జూరిచ్ నగరానికి చెందిన ఇద్దరు ఆచార్యులు ఫాల్‌హార్న్ అనే పర్వతాన్ని ఎక్కారు. ఒకరు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫిక్. రెండవవారు రసాయన శాస్త్రజ్ఞుడు యోహానెస్ విస్లిసేనస్. వారు లెక్కలోకి తీసుకున్న ఎత్తు 1,956 మీటర్లు. ముందురోజు మధ్యాహ్నంనుంచి వారు మాంసకృత్తులు గల ఆహారం ముట్టలేదు. పిండి ముద్దలను క్రొవ్వులో వేయించుకొని తిన్నారు. పంచదార వేసిన తేనీరు త్రాగారు. దారి పొడుగునా తమ మూత్రాన్ని సీసాలలో పట్టి ఉంచి, తరువాత అందులోని నత్రజనిని కొలిచారు.

ఆ లెక్కను హైస్కూలు విద్యార్థి కూడా వేసి చూడవచ్చు. ఫిక్ బరువు 66 కిలోలు. 66 కిలోల బరువు 1,956 మీటర్లు పైకి వెళ్ళడానికి చేయవలసిన పని 66 × 1,956 = 1,29,096 కిలోగ్రాం-మీటర్లు. ఇక మూత్రంలోని నత్రజనిని బట్టి ఆయన శరీరంలో ఖర్చయిన మాంసకృత్తులు సుమారు 37 గ్రాములు. గ్రాము మాంసకృత్తులనుంచి శరీరానికి దక్కేది సుమారు 4 కిలోకేలరీలు. కాబట్టి మొత్తం 148 కిలోకేలరీలు. ఒక కిలోకేలరీ సుమారు 427 కిలోగ్రాం-మీటర్ల పనికి సమానం. 148 × 427 = 63,196 కిలోగ్రాం-మీటర్లు. అంటే ఖర్చయిన మాంసకృత్తుల శక్తి అంతా ఒక్క చుక్క వృథా కాకుండా పనిగా మారిందనుకున్నా, కొండ ఎక్కడానికి కావలసిన దానిలో సగం కూడా రాదు. పైగా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి తీయడానికి పట్టిన శక్తిని ఇందులో లెక్కవేయలేదు.

ఫిక్, విస్లిసేనస్‌లు ఈ లెక్క వేసేనాటికి మాంసకృత్తుల ఉష్ణవిలువ ఎవరికీ కచ్చితంగా తెలియదు. వారు కొంత ఎక్కువగానే ఊహించుకొని, అయినా లెక్క చాలలేదని చూపారు. మరుసటి సంవత్సరం ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్ లండన్‌లో ఆహారపదార్థాలను మండించి, వాటి వేడిని స్వయంగా కొలిచి వారి నిర్ణయాన్ని బలపరచాడు. దీనితో కండరాలకు ఇంధనం ముఖ్యంగా పిండిపదార్థాలు, క్రొవ్వులేనని తేలింది. మాంసకృత్తులు ఇల్లు కట్టే ఇటుకలు. పొయ్యిలో పెట్టే కట్టెలు కావు.

మాంసరసంలో దొరికిన స్ఫటికాలు

లీబిగ్ సిద్ధాంతం పడిపోయినా, ఆయన చేసిన మరొక పరిశీలన నిలిచింది. 1832 లో మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మాంసాన్ని ఉడికించిన రసంనుంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. గ్రీకు భాషలో మాంసమని అర్థమిచ్చే పదాన్నిబట్టి దానికి క్రియాటిన్ అని పేరు పెట్టాడు. దాన్ని తిరిగి పొందలేక కొందరు అసలు అటువంటి పదార్థమే లేదేమోనని సందేహించారు. 1847 లో లీబిగ్ అనేక జంతువుల మాంసాలను పరీక్షించి, క్రియాటిన్ అన్నింటిలోనూ ఉందని స్థిరపరచాడు. అంతేకాదు, వేటలో తరిమి చంపిన నక్కల కండరాలలో, ఇంట్లో కట్టిపెట్టి పెంచిన నక్క కండరాలలోకంటె పదిరెట్లు క్రియాటిన్ ఉందని వ్రాశాడు. కండరాల శ్రమకు, ఈ పదార్థానికి ఏదో సంబంధం ఉన్నదని అప్పుడే ఆయనకు తోచింది.

లీబిగ్ పేరుతో మాంససారం తయారుచేసే కంపెనీ 1865 లో లండన్‌లో ఏర్పడింది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశంలో పశువుల మాంసాన్ని పెద్ద బానలలో ఉడికించి, వడకట్టి, చిక్కబరచి జాడీలలో నింపి యూరపుకు పంపేవారు. ఒక కిలో సారానికి సుమారు 30 కిలోల మాంసం పట్టేది. బలహీనులకు, రోగులకు ఇది దివ్యమైన ఆహారమని ప్రచారం జరిగింది. కాని మాంసాన్ని ఉడికించి వడకట్టినప్పుడు దానిలోని మాంసకృత్తులలో అధికభాగం పిప్పిలోనే ఉండిపోతుంది. సారంలోకి వచ్చేవి లవణాలు, క్రియాటిన్ వంటి కొన్ని పదార్థాలు, రుచి. ఒక శాస్త్రజ్ఞుని పేరు, ఒక సిద్ధాంతం, ఒక అందమైన జాడీ కలిస్తే సరుకు ఎట్లా అమ్ముడుపోతుందో లోకానికి అప్పుడే తెలిసింది.

1904 లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రస్సెల్ చిట్టెండెన్ మరొక ప్రయోగం ప్రకటించాడు. ఆరోగ్యవంతుడైన పనివానికి రోజుకు 118 గ్రాముల మాంసకృత్తులు కావాలని అప్పటివరకు ఫోయిట్ చెప్పిన ప్రమాణం. చిట్టెండెన్ కొందరు ఆచార్యులకు, సైనికులకు, విద్యార్థులైన క్రీడాకారులకు దానిలో సుమారు సగం మాత్రమే నెలల తరబడి ఇచ్చాడు. వారి బలం తగ్గలేదు సరికదా, కొలతలలో పెరిగినట్లు కనిపించింది. ఐతే ఇందులో ఒక లోపముంది. బలాన్ని పరీక్షించే పరికరాలను మాటిమాటికీ వాడడమే ఒక వ్యాయామం. బలం తిండివల్ల పెరిగిందో, అలవాటువల్ల పెరిగిందో చెప్పడానికి, మామూలు తిండి తింటూ అవే పరీక్షలకు నిలిచిన మరొక బృందం లేదు. పోల్చి చూడడానికి రెండో బృందం లేకపోతే ప్రయోగం సగమే అవుతుంది. ఈ సంగతి ముందుముందు మళ్ళీ అవసరమవుతుంది.

హార్వర్డులో ఎల్లాప్రగడ సుబ్బారావు

నోటిద్వారా తీసుకున్న క్రియాటిన్ ఏమవుతుంది? హార్వర్డు వైద్య కళాశాలలో ఓటో ఫోలిన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరురాలు విల్లీ డెనిస్ 1912 ప్రాంతంలో పిల్లులకు క్రియాటిన్ ఇచ్చి చూశారు. అది అంతా మూత్రంలో బయటపడలేదు. కొంత కండరాలలో నిలిచిపోయింది. కండరం దాన్ని దాచుకుంటున్నదంటే దానితో ఏదో పని ఉండాలి. ఆ పని ఏమిటో అప్పటికి తెలియదు.

ఆ హార్వర్డులోనే, 1920 తరువాత, ఎల్లాప్రగడ సుబ్బారావు చేరారు. 1895 జనవరి 12 న భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదువుకొని, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, ఆయన అమెరికా వెళ్ళారు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలో, మూత్రంలో, కండరాలలో ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించే పని చేపట్టారు.

1925 లో వారు ప్రకటించిన ఆ పద్ధతి ఎంతో సరళమైనది. ఫాస్ఫేటు ఉన్న ద్రావణానికి ఆమ్లంలో కరిగించిన మాలిబ్డేటును చేర్చి, ఆపైన క్షయకరణకారిని కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని తెలిసిన ద్రావణపు రంగుతో పోల్చితే ఫాస్ఫేటు పరిమాణం తెలుస్తుంది.

ఈ పద్ధతిని కండరాలనుంచి తీసిన రసానికి ప్రయోగించినప్పుడు ఒక వింత జరిగింది. మామూలుగా కొద్ది నిమిషాలలో పూర్తిగా రావలసిన నీలిరంగు వెంటనే రాలేదు. మొదట లేతగా ఉండి, ఉన్నకొద్దీ చిక్కనవుతూ పోయింది. అజాగ్రత్తగా పనిచేసేవారైతే ఏదో మలినం కలిసిందని ఆ ద్రావణాన్ని పారబోసేవారే. ఫిస్కే, సుబ్బారావులు అట్లా చేయలేదు. రంగు ఆలస్యంగా పెరుగుతున్నదంటే, ఫాస్ఫేటు మొదటినుంచీ విడిగా లేదన్న మాట. ఏదో ఒక పదార్థంతో జతకూడి ఉండి, ఆమ్లంలో ఆ జత విడిపోతున్నకొద్దీ బయటపడుతున్నదన్న మాట. ఆ జతలోని రెండవ పదార్థం కోసం వెతికారు. అది క్రియాటిన్. ఒక అణువు ఫాస్ఫేటుకు ఒక అణువు క్రియాటిన్ వంతున విడుదలవుతున్నాయి. షెవ్రోల్ వేరుచేసిన తొంభై అయిదేళ్ళకు క్రియాటిన్ ఎవరితో కలిసి ఉంటుందో తెలిసింది.

ఈ సంగతిని వారు 1927 లో ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ అనే దంపతులు కూడా కండరంలో సులభంగా విడిపోయే ఫాస్ఫేటు పదార్థమొకటి ఉన్నదని స్వతంత్రంగా కనుగొని దానికి ఫాస్ఫజెన్ అని పేరుపెట్టారు. కాని అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చినవారు ఫిస్కే, సుబ్బారావులు. దానికి ఫాస్ఫోక్రియాటిన్ అనే పేరు స్థిరపడింది. పిల్లి కండరానికి విద్యుత్తు తగిలించి పని చేయిస్తే అందులోని ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతున్నదని, విశ్రాంతినిస్తే తిరిగి నిండుతున్నదని కూడా వారు చూపారు.

గాదె, గిన్నె, చేతిలోని ముద్ద

ఈ ఆవిష్కరణ ఎంత పెద్దదో తెలియాలంటే ఆనాటి పరిస్థితిని గుర్తు చేసుకోవాలి. కండరాలలో పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారడమే సంకోచానికి కారణమని అప్పటి సిద్ధాంతం. ఆ రంగంలో కృషి చేసిన ఎ. వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించింది. 1930 లో డెన్మార్కు దేశస్థుడు ఐనార్ లుండ్స్‌గార్డ్ ఆ సిద్ధాంతాన్ని తలక్రిందులు చేశాడు. అయొడో ఎసెటిక్ ఆమ్లమనే విషాన్ని ఇస్తే కండరంలో లాక్టిక్ ఆమ్లం తయారుకాదు. అయినా ఆ కండరం కొంతసేపు మామూలుగానే సంకోచించింది! ఆ సమయంలో ఖర్చయినది ఫాస్ఫోక్రియాటిన్. అది అయిపోయిన తరువాత కండరం బిగుసుకుపోయింది.

1929 లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డులో ఫిస్కే, సుబ్బారావులు మరొక పదార్థాన్ని కనుగొన్నారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, క్లుప్తంగా ఎ.టి.పి. అంటారు. ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఎ.టి.పి.ని తిరిగి తయారుచేయడానికి ఇస్తుందని లోమన్ 1934 లో చూపాడు. కండరం సంకోచించినప్పుడు నేరుగా ఖర్చయ్యేది ఎ.టి.పి. అని నిస్సందేహంగా రుజువు కావడానికి 1962 దాకా ఆగవలసివచ్చింది.

ఈ ఏర్పాటును ఒక రైతు ఇంటితో పోల్చవచ్చు. శరీరంలోని క్రొవ్వు గాదెలోని ధాన్యంవంటిది. చాలా ఉంటుంది, కాని దంచి వండితేగాని అక్కరకు రాదు. కండరంలోని పిండిపదార్థం కుండలోని బియ్యం. ఫాస్ఫోక్రియాటిన్ గిన్నెలో వండి పెట్టిన అన్నం. ఎ.టి.పి. చేతిలోని ముద్ద. నోటిలోకి వెళ్ళేది ముద్దే. కాని చేతిలో పట్టేది ఒక్క ముద్ద. కండరంలోని ఎ.టి.పి. పూర్తి బలంతో చేసే పనికి రెండు మూడు సెకండ్లకు మించి చాలదు. అది తరుగుతూ ఉండగానే గిన్నెలోనుంచి అన్నం చేతిలోకి వస్తూ ఉంటుంది. గిన్నె ఖాళీ కావడానికి సుమారు పది సెకండ్లు. బరువులెత్తేవాని పోటీ ఆ పది సెకండ్ల లోపలనే ముగుస్తుంది. వ్యాసం మొదట వేసిన ప్రశ్నకు సమాధానం ఇదే: ఆ శక్తి అప్పటి ఊపిరిలోనుంచి రాలేదు; ముందుగానే కండరంలో వండిపెట్టి ఉంది.

గిన్నె పెద్దది చేయవచ్చునా?

70 కిలోల మనిషి శరీరంలో సుమారు 120 గ్రాముల క్రియాటిన్ ఉంటుంది. అందులో నూటికి 95 పాళ్ళు కండరాలలోనే. ప్రతిదినం సుమారు 2 గ్రాములు క్రియాటినిన్ అనే పదార్థంగా మారి మూత్రంలో పోతుంది. ఆ లోటులో దాదాపు సగం శరీరమే తయారుచేసుకుంటుంది. మిగిలినది మాంసం, చేపలనుంచి వస్తుంది. కిలో పచ్చిమాంసంలో ఉండేది 4, 5 గ్రాములు. శాకాహారుల కండరాలలో ఇది కొంత తక్కువగా ఉంటుంది.

బ్రతికి ఉన్న మనిషి కండరంలో ఏమి జరుగుతున్నదో చూడడం చాలాకాలం సాధ్యం కాలేదు. 1960 తరువాత స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్‌లు ప్రత్యేకమైన సూదితో తొడనుంచి చిన్న కండర శకలాన్ని తీసి పరీక్షించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆ పద్ధతితోనే 1992 లో రోజర్ హారిస్, హుల్ట్‌మన్, వారి సహచరురాలు సోడర్లండ్ ఒక ముఖ్యమైన ప్రయోగాన్ని ప్రకటించారు. 17 మంది ఆరోగ్యవంతులకు 5 గ్రాముల క్రియాటిన్‌ను రోజుకు నాలుగు లేక ఆరుసార్లు చొప్పున కొద్దిరోజులు ఇచ్చి, తొడ కండరాలను పరీక్షించారు. కండరాలలో క్రియాటిన్ పెరిగింది. మొదట తక్కువగా ఉన్నవారిలో ఎక్కువగా పెరిగింది. ఒక కాలితో వ్యాయామం చేయించగా, ఆ కాలిలో రెండవ కాలిలోకంటె ఎక్కువగా చేరింది. ఐతే ఒక హద్దు దాటాక కండరం ఇక తీసుకోలేదు. అదనంగా మింగినది మూత్రంలో పోయింది. గిన్నెను కొంతవరకే పెద్దది చేయవచ్చు. 1996 లో హుల్ట్‌మన్ బృందం మరొక సంగతి చూపింది: రోజుకు 3 గ్రాముల వంతున నెలరోజులు తీసుకున్నా కండరం దాదాపు అంతే నిండుతుంది, మొదట్లో పెద్ద మోతాదులు తప్పనిసరి కావు.

నమ్మకం ఎత్తిన బరువు

కండరంలో పదార్థం పెరిగినంతమాత్రాన బలం పెరిగినట్లు కాదు. దాన్ని విడిగా కొలవాలి. బరువులెత్తేవారిని పరీక్షించడంలో ఉన్న చిక్కును 1972 లో ఎరియల్, సావిల్ అనే అమెరికన్ పరిశోధకులు చక్కగా చూపారు. కొంతకాలంగా బరువులెత్తడం సాధన చేస్తున్న ఆరుగురు యువకులకు వారు రోజూ ఒక మాత్ర ఇచ్చి, అది కండలు పెంచే హార్మోను మందు అని చెప్పారు. నిజానికి అందులో మందు ఏమీ లేదు. అయినా ఆ యువకులు అంతకుముందు ఏడు వారాల సాధనలో పెరిగినదానికంటె, మాత్ర మింగిన నాలుగు వారాలలో ఎక్కువ బలం పుంజుకున్నారు! ఆ అదనపు బరువును ఎత్తింది మందు కాదు, నమ్మకం.

అందువల్లనే ఈనాడు ఇటువంటి పరీక్షలలో సగంమందికి అసలు పదార్థం, సగంమందికి అదే రంగు, అదే రుచి గల ఉత్త పొడి ఇస్తారు. ఎవరికి ఏది అందిందో తిన్నవారికీ తెలియదు, బరువులు లెక్కపెట్టేవారికీ తెలియదు. అంతా ముగిశాకనే చీటీ విప్పుతారు. చిట్టెండెన్ ప్రయోగంలోని లోపం ఈ విధంగా తీరింది.

ఈ రకమైన 22 పరీక్షల ఫలితాలను రాసన్, వోలెక్‌లు 2003 లో ఒకచోట చేర్చి చూశారు. ఉత్త పొడి తీసుకుంటూ బరువుల సాధన చేసినవారి బలం సగటున నూటికి 12 పాళ్ళు పెరిగింది. క్రియాటిన్ తీసుకుంటూ సాధన చేసినవారి బలం నూటికి 20 పాళ్ళు పెరిగింది. తేడా 8 పాళ్ళు. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. క్రియాటిన్ పని చేస్తుందన్నది నిజమే. కాని 20 లో 12 పాళ్ళు సాధన ఫలమే. పైగా ఇది సగటు మాత్రమే. కొందరిలో మార్పు చాలా ఎక్కువ, కొందరిలో దాదాపు ఏమీ లేదు. మొదటి వారంలో శరీరపు బరువు సుమారు ఒక కిలో పెరగడం మామూలు; అది చాలావరకు కండరంలో చేరిన నీరే. దాన్ని చూసి కండ పెరిగిందని మురిసిపోరాదు. దూరపు పరుగుల వంటి నిదానమైన శ్రమలో ఈ పదార్థంవల్ల ఒనగూడేది బహుస్వల్పం. ఎందుకో గాదె, గిన్నెల పోలికనుబట్టే గ్రహించవచ్చు.

మాంసకృత్తుల పొడుల సంగతి కూడా ఈ విధంగానే తేలింది. మోర్టన్, ఆయన సహచరులు 2018 లో 49 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 1,863 మందిని కలిపి లెక్కవేశారు. అదనపు మాంసకృత్తులవల్ల ఒక్కసారి ఎత్తగల గరిష్ఠమైన బరువు సగటున సుమారు రెండున్నర కిలోలు అదనంగా పెరిగింది. సాధనవల్ల పెరిగిన మొత్తంలో ఇది నూటికి 9 పాళ్ళు. శరీరపు బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాములు దాటితే ఆపైన తిన్నదానివల్ల కండ పెరుగుదలలో లాభం కనిపించలేదు. 60 కిలోల బరువుండి, గట్టిగా సాధన చేసే వయోజనునికి ఈ లెక్కన 96 గ్రాములు చాలు. నూరు గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు, నూరు గ్రాముల వేరుసెనగ గింజలలో 25 గ్రాములు, ఒక కోడిగ్రుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు సుమారుగా ఉంటాయి. డబ్బాలోని పొడి పాలనుంచో, సోయానుంచో తీసినదే. అందులో వంటింట్లో లేని మహత్తు ఏదీ లేదు.

చీటీ మీద లేనిది

అసలైన ప్రమాదం మరొకచోట ఉంది. కండలు పెంచే హార్మోను మందులు 1950 తరువాత బరువులెత్తేవారిలో వ్యాపించాయి. వాటిని పట్టుకునే పరీక్ష 1976 లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో మొదలైంది. అక్కడ పట్టుబడినవారిలో అధికసంఖ్యాకులు బరువులెత్తేవారే. ఆ తరువాత ఈ మందులు మరొక దారిలో కూడా క్రీడాకారుల నోటికి చేరుతున్నాయని తెలిసింది. జర్మనీలోని కొలోన్ నగర పరిశోధనశాలలో గేయర్, ఆయన సహచరులు 13 దేశాలలో కొన్న 634 పోషక పదార్థాల డబ్బాలను పరీక్షించి 2004 లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 94 డబ్బాలలో, అంటే నూటికి దాదాపు 15 వంతున, చీటీ మీద పేర్కొనని హార్మోను సంబంధమైన పదార్థాలు ఉన్నాయి. కొన్నవానికి తాను ఏమి మింగుతున్నాడో తెలియదు. ఎదిగే వయస్సులో ఉన్న బాలురకు, బాలికలకు ఈ పదార్థాలు చేసే కీడు పోటీలో పతకం పోవడంతో ఆగదు. అవి ఎముకల పెరుగుదలను ముందే ఆపివేయగలవు.

స్వచ్ఛమైన క్రియాటిన్ తగు మోతాదులో ఆరోగ్యవంతులైన పెద్దల మూత్రపిండాలకు హాని చేసినట్లు పరీక్షలలో కనిపించలేదు. కాని ఆ పరీక్షలలో చాలాభాగం పెద్దలమీద జరిగినవే. పదహారేళ్ళ విద్యార్థికి వాటిని యథాతథంగా అన్వయించడానికి వీలులేదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దీన్ని ముట్టకూడదు. ఇది తీసుకునేవారి రక్తంలో క్రియాటినిన్ కొంత పెరుగుతుంది కాబట్టి, రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. లేకపోతే లేని జబ్బు ఉన్నట్లు కనిపించవచ్చు.

క్రియాటిన్‌ను ఫాస్ఫేటుతో జతచేసి చూపిన సుబ్బారావు హార్వర్డులో స్థిరమైన పదవి పొందలేకపోయారు. 1940 లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళి, అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని, బోదకాలు వ్యాధికి మందును, ఆరియోమైసిన్‌ను వెలికితీసిన పరిశోధనలకు నాయకత్వం వహించి, 1948 ఆగస్టులో న్యూయార్కులో మరణించారు. ఈనాడు డబ్బాల మీద ఆయన పేరు ఉండదు. కాని జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు ఇప్పటికీ భాస్వరాన్ని కొలవడానికి ఫిస్కే - సుబ్బారావు పద్ధతిని నేర్చుకుంటారు. పరీక్షనాళికలో నీలిరంగు వచ్చినప్పుడు, ఒకనాడు ఆ రంగు ఆలస్యంగా వచ్చిందని, ఆ ఆలస్యానికి కారణం వెతికినందువల్లనే కండబలపు రహస్యం బయటపడిందని ఉపాధ్యాయులు వారికి చెప్పవచ్చు.